ఆదివారం ఇరుగుపొరుగు

మా కాలనీలో అమ్మేది నిశ్శబ్దం. ఇల్లు దానికి కొసరు. ఇది నా వెటకారం కాదు. బిల్డరు అచ్చువేసిన రంగుల పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది: మహానగరానికి ముప్పావుగంట దూరంలో, ప్రశాంతతే మీ పొరుగు, అని. ఆ మాట మాత్రం వాళ్ళు అక్షరాలా నిలబెట్టుకున్నారు. ప్రశాంతత తప్ప ఇంకో పొరుగు మాకు లేదు. రోడ్లు రెండు లారీలు పక్కపక్కన పోయేంత వెడల్పు. లారీ సంగతి దేవుడెరుగు, మనిషి కూడా రాడు. ఇంటికీ ఇంటికీ మధ్య బోలెడంత పచ్చిక, దానిమీద ఎవరూ కాలు పెట్టకూడదు. పార్కు ఉంది, పార్కులో బెంచీలున్నాయి, ఆ బెంచీలమీద కూర్చున్న మనిషిని మామూలు రోజుల్లో నేను చూసిన పాపాన పోలేదు.

నేను బీమా కంపెనీలో పనిచేస్తాను. జనం పంపిన క్లెయిములు ఇంట్లో కూర్చునే చదివి, ఏది నిజమో ఏది కట్టుకథో తేల్చడం నా ఉద్యోగం. అబద్ధం వాసన నాకు తొందరగా తగులుతుందని ఆఫీసులో పేరు. ఈ ఇల్లు కొన్నరోజు మాత్రం నాకు జలుబు చేసి ఉంటుంది.

అయితే ఆదివారం సంగతి వేరు. ఆదివారం పూట మా కాలనీకి ప్రాణం వస్తుంది.

ఎందుకో చెబుతాను. మాకు ఒక పక్కనున్న ఇల్లూ, వెనక వరసల్లో సగం ఇళ్ళూ అమ్ముడుపోలేదు. అవి అమ్ముడుపోయేదాకా క్లబ్బు కట్టనన్నాడు బిల్డరు. ఆసుపత్రి కట్టనన్నాడు, నగరానికి బస్సు వేయనన్నాడు. ప్రతి ఆదివారం కొనేవాళ్ళను ఏసీ బస్సులో ఎక్కించుకుని తెచ్చి చూపించేవాడు. వాళ్ళు దిగి, అటూ ఇటూ చూసి, ఇక్కడ మనుషులుంటారా అని అడిగి, అదే బస్సెక్కి పోయేవాళ్ళు. ఒకావిడైతే ఏదైనా జబ్బు వ్యాపించి ఖాళీ చేయించారా అని అడిగిందట. ఆ మాటతో మా ప్రెసిడెంటుగారికి నిద్ర పట్టలేదు.

ప్రెసిడెంటుగారంటే మా కాలనీ సంఘానికి ప్రెసిడెంటు. పెద్ద కంపెనీలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఏం ఉద్యోగమో ఆ కంపెనీకి కూడా తెలియదని నా అనుమానం. మాట్లాడితే విమానాశ్రయంలో మైకు మాట్లాడినట్టుంటుంది. వాళ్ళావిడ కూడా ఆయన్ని ప్రెసిడెంటుగారూ అనే పిలుస్తుంది. ఈయన మీటింగు పెట్టి, ఆదివారం బస్సు వచ్చిన వేళకు కాలనీవాసులందరూ బయటికి వచ్చి కలిసిమెలిసి ఉండాలని తీర్మానం చేయించాడు. బస్సు వెళ్ళాక ఎవరిష్టం వాళ్ళది.

అప్పటినుంచి శనివారం సాయంత్రం ఫోనులో మా గ్రూపుకి వేషాలు వచ్చేవి. మూడో వీధి: నడక. ఐదో వీధి: పిల్లలు, సైకిళ్ళు. పిల్లలు లేనివాళ్ళు: కుక్కలు. రెండూ లేనివాళ్ళు: ఫౌంటెన్ దగ్గర నవ్వు. నాకు పార్కు బెంచీమీద పుస్తకం చదివే వేషం దక్కింది. మా ఆయనకి కారు కడుగుతూ పక్కింటి పళ్ళ డాక్టరుని పలకరించే వేషం. ఆ డాక్టరుకీ మా ఆయనకీ ఉప్పూ నిప్పూ. ఆయనగారి కంచెమొక్కలు మా వైపు జానెడు వాలాయని మొదలైన తగవు. వారమంతా ఎడమొహం పెడమొహం. ఆదివారం బస్సు మలుపు తిరగ్గానే మా ఆయన, “ఏం డాక్టరుగారూ, ఈ వారం ఎవరి పళ్ళు రాలగొట్టారు?” అనేవాడు. “మీ వంతు కోసమే చూస్తున్నా సార్,” అనేవాడు ఆయన. ఇద్దరూ పడీపడీ నవ్వేవాళ్ళు. బస్సు దాటగానే ఇద్దరి నవ్వులూ కుళాయి కట్టేసినట్టు ఆగిపోయేవి. ఆ జోకుల్లో మాత్రం అబద్ధం లేదు. రెండూ మనస్ఫూర్తిగా అన్నవే.

ఎదురింట్లో గులాబీల ఆవిడ ఉంటుంది. ఆవిడ పేరు నాకు ఇప్పటికీ తెలియదు. ఆవిడ వేషం మొక్కలకి నీళ్ళు పోస్తూ, బస్సు దిగిన ఆడవాళ్ళలో ఒకరికి పువ్వు కోసి ఇవ్వడం. చాలా బాగా చేసేది. చెయ్యి పట్టుకుని మరీ ఇచ్చేది.

ఇలాంటి ఒక ఆదివారం మా వదిన వచ్చింది.

వదినంటే మా ఆయన అక్క. అరవైకి దగ్గరపడింది. పెళ్ళయిన కొన్నేళ్ళకే భర్త పోయాడు, పిల్లలు లేరు. నగరం నడిబొడ్డున, ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి ఒరగాల్సినంత ఇరుకు సందులో, కుట్టుమిషన్లు పెట్టుకుని దుకాణం నడిపింది. ప్యాంట్లు పొట్టిచేయడం, జిప్పులు మార్చడం, లావెక్కినవాళ్ళ గౌన్లు వదులు చేయడం. కుట్టు ఒక వంక, అసలు పని మాటలు. కొలతలు తీసేటప్పుడు మనిషి చేతులు పైకెత్తి నిలబడాలి కదా, అలా నిలబడ్డ మనిషి అబద్ధం చెప్పలేడని వదిన నమ్మకం. ఆ సందులో ఎవరింట్లో ఎవరు అలిగారో, ఎవరి పిల్లకి ఎక్కడ ఉద్యోగం వచ్చిందో, అన్నీ ఆవిడ మెళ్ళో టేపుతోపాటు వేలాడుతూ ఉండేవి.

ఆ భవనం కూలగొడుతున్నారని నోటీసు వచ్చింది. పక్కసందులో ఉన్న స్నేహితురాలు, ఆవిడా కుట్టుపనే, “నా కొట్లో సగం నీది, మిషన్లు తెచ్చి పెట్టుకో,” అంది. మా ఆయనేమో, “ఎంతకాలం కుడతావక్కా, మాతో వచ్చి ఉండు,” అన్నాడు. తమ్ముడికి అక్కంటే ప్రాణం, అందులో నాకు అనుమానం లేదు. ప్రాణమైన వాళ్ళనే మనం బాగా మోసం చేస్తాం.

“ఒకసారి చూసి చెప్తాన్రా,” అంది వదిన. “నాకు ఇల్లెలా ఉన్నా ఫరవాలేదు. పలకరించే మనిషి ఉండాలి. లేకపోతే నా నోరు కుళ్ళిపోతుంది.”

మా ఆయన ఆవిణ్ణి ఆదివారమే తీసుకొచ్చాడు. పైగా సరిగ్గా బస్సు వేళకి. వదిన కారు దిగేసరికి పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్నారు, ఫౌంటెన్ దగ్గర నలుగురు కడుపు పట్టుకుని నవ్వుతున్నారు, పళ్ళ డాక్టరు కంచెమీంచి వంగి, “మీ అక్కగారా, అచ్చం మీ పోలికే,” అంటున్నాడు. గులాబీల ఆవిడ వదినని కూడా బస్సులో వచ్చిన మనిషే అనుకున్నట్టుంది, రోడ్డు దాటి వచ్చి, పువ్వు చేతిలో పెట్టి, “మీరు వచ్చేస్తే మాకెంత కాలక్షేపమో,” అంది. వదిన ముఖం వెలిగిపోయింది.

భోజనాల దగ్గర నేను చెప్పబోయాను. “వదినా, ఇవాళ ఆదివారం గనక...” అనగానే మా ఆయన టేబులు కింద నా కాలు తొక్కాడు. మామూలుగా తొక్కడం కాదు, మడమతో. ఆ నొప్పికి నాకు మాట పెగల్లేదు. పెగిలేసరికి వదిన ఫోనులో స్నేహితురాలికి చెప్పేస్తోంది: “నువ్వేమీ అనుకోకు. ఇక్కడ మనుషులు బంగారం. మన సందుని ఎవరో ఉతికి, ఇస్త్రీ చేసి, ఇక్కడ పరిచినట్టుంది.”

మిషన్లు అమ్మేసి, ఒక కత్తెరా టేపూ మాత్రం పెట్టెలో వేసుకుని, ఒక సోమవారం మా ఇంటికి వచ్చేసింది.

మర్నాడు కేకు చేసింది. ముక్కలు కోసి, డబ్బాలో పెట్టుకుని, ఎదురింటికి బయల్దేరింది. నేను కిటికీ దగ్గర పనిలో ఉన్నాను, అంతా కనిపిస్తోంది, వినిపిస్తోంది. మా కాలనీలో ఏదైనా వినిపిస్తుంది, వినిపించేదంటూ ఉంటే. వదిన గంట నొక్కింది. తలుపు తెరుచుకోలేదు. గోడమీద కెమెరా లోంచి గొంతు వచ్చింది.

“ఎవరండీ?”

“నేనమ్మా, ఎదురింట్లో దిగాను. ఆదివారం గులాబీ ఇచ్చారే, నేనే.”

కెమెరా కన్ను వదినవైపు తిరిగింది. తరవాత ఆ గొంతు, కోపంగా కాదు, నిజంగానే అర్థంకానట్టు, “ఇవాళ మంగళవారం కదండీ,” అంది.

వదిన పళ్ళ డాక్టరు ఇంటికి వెళ్ళింది. అక్కడ పనిమనిషి గేటు దగ్గరే ఆపి, డెలివరీలు ఆ పెట్టెలో వేయాలని చూపించింది. ఫౌంటెన్ దగ్గర నవ్విన నలుగురి కోసం వెతికింది. ఫౌంటెన్లో నీళ్ళు కూడా లేవు, అవి ఆదివారమే వదులుతారు. తిరిగొచ్చి డబ్బా నా బల్లమీద పెట్టింది.

“అమ్మాయ్, ఇక్కడివాళ్ళకి మంగళవారం కేకు పడదా?”

ఇక దాచడం నా వల్ల కాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. బస్సు, వేషాలు, ప్రెసిడెంటు, నా పుస్తకం, అన్నీ. వదిన వింటూ కేకుముక్క తుంచుతూ కూర్చుంది. తినలేదు. పొడి చేసింది.

“మిషన్లు అమ్మేశానమ్మా,” అంది చివరికి. అంతే అంది. ఆ క్షణంలో మా ఆయన ఎదురుగా ఉంటే ఆ కత్తెరతో ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

స్నేహితురాలికి ఫోన్ చేసింది. ఆ సగం కొట్టు అప్పటికే ఇంకొకావిడ తీసుకుంది. “మంచిదే, ఆవిడ చేతిపని శుభ్రంగా ఉంటుంది,” అని ఫోన్ పెట్టేసింది వదిన.

సాయంత్రం మా ఆయన ఇంటికొచ్చి, నా ముఖం చూసి విషయం గ్రహించి, నేరుగా బజారుకెళ్ళి గోడంత టీవీ తెచ్చాడు. “అక్కా, ఇందులో రోజంతా ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉంటారు,” అన్నాడు.

“వాళ్ళు మాట్లాడతారు సరే. నేను మాట్లాడితే వింటారట్రా?” అంది వదిన. ఆ టీవీ గోడకి బిగించే మనిషి రెండు వారాల దాకా రాలేదు, మా కాలనీ అంత దూరం. అది అట్టపెట్టెలోనే ఉండిపోయింది.

వదిన మాత్రం కూర్చుని ఏడ్చే రకం కాదు. శుక్రవారమో శనివారమో నా దగ్గరికొచ్చి, “ఆదివారం మాట్లాడతారుగా?” అంది.

“అది మాట్లాడడం కాదు వదినా. నాటకం.”

“నాటకమైనా నోటితోనే కదా ఆడాలి. నాకూ ఒక వేషం ఇప్పించు.”

ప్రెసిడెంటుగారు సంతోషించి “నడక, పెద్దల విభాగం” అని కేటాయించాడు. పెద్దల విభాగంలో ఆవిడ ఒక్కతే. మొదటి ఆదివారమే దారి తప్పింది. పార్కు చుట్టూ తిరగాల్సిన మనిషి తిన్నగా నా బెంచీకి పదడుగుల్లో ఉన్న గులాబీల ఆవిడ దగ్గరికెళ్ళి నిలబడింది. బస్సు అప్పుడే ఆగింది, జనం దిగి చూస్తున్నారు. గులాబీల ఆవిడ లోపలికి పోవడానికి వీల్లేదు. పోతే తీర్మానానికి విరుద్ధం.

“ఇంట్లో ఎవరెవరుంటారమ్మా?” అని అడిగింది వదిన.

ఇంత చిన్న ప్రశ్న. మేమిద్దరం ఎదురెదురుగా ఆరేళ్ళు ఉన్నాం, నేనెప్పుడూ అడగలేదు. గులాబీల ఆవిడ అలవాటుగా పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది. నవ్వుతూనే, “మా ఆయన పైగదిలో ఉంటారండీ. పక్షవాతం. మంచం దిగలేరు,” అంది. బస్సువాళ్ళు ఫొటో తీసుకుంటున్నారు. ఆ నవ్వు తీసేయడానికి లేదు. అంత నవ్వు ముఖంతో అంత మాట చెప్పిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. బెంచీమీద నా పుస్తకం జారి కిందపడింది.

వదిన కూడా నవ్వుతూనే అడిగింది. “మరి పక్కమీద తిప్పేదెవరు?”

“నేనే. నడుం పోయింది. మొన్న డాక్టరుకి చూపించుకుంటే ఆయన ఏమన్నాడంటే...”

అంతలో మా అందరి ఫోన్లూ ఒక్కసారి టింగుమన్నాయి. ప్రెసిడెంటుగారు. బస్సు బయల్దేరింది, అందరికీ కృతజ్ఞతలు. గులాబీల ఆవిడ ఆ వాక్యం అక్కడే వదిలేసి, నీళ్ళడబ్బా తీసుకుని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

“డాక్టరు ఏమన్నాడట?” అని నేను వదినని అడిగాను.

“వచ్చే ఆదివారం చెబుతుందిలే,” అంది వదిన.

చెప్పింది కూడా. సరిగ్గా ఎక్కడ ఆపిందో అక్కడినుంచి ఎత్తుకుని చెప్పింది. అలా సాగింది. వదిన వారమంతా సగం వాక్యాలు మోసుకుని తిరిగేది. మిగతా సగం ఎలా ఉంటుందో నాతో ఊహించేది. ఒకరి కూతురు పెళ్ళికి ఒప్పుకుందా లేదా, ఒకరి కుక్క మందు మింగిందా లేదా. ఆదివారం పొద్దున్నే తయారై, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, గేటు దగ్గర నిలబడి బస్సు కోసం చూసేది. చివరికి పళ్ళ డాక్టరు కూడా ఆవిడకి దొరికిపోయాడు. ఆ కంచెమొక్కలంటే ఆయనకే ఒళ్ళుమంట అనీ, అవి వాళ్ళావిడ పుట్టింటివాళ్ళు నాటినవి గనక కత్తిరించే ధైర్యం లేదనీ నవ్వుతూ చెప్పుకున్నాడు. ఆ సంగతి మా ఆయనకి చెబితే, “అయితే మరీ గట్టిగా పోట్లాడాలి,” అన్నాడు. మగవాళ్ళ సంగతి అంతే.

వదిన వచ్చాక ఇళ్ళు చకచకా పోవడం మొదలుపెట్టాయి. కొనడానికి వచ్చినవాళ్ళని కూడా ఆవిడ వదిలేది కాదు. మోకాళ్ళ దగ్గర్నుంచి మనవళ్ళ దాకా అన్నీ అడిగేది. అమ్మకాల కుర్రాడు ఆవిడని చూస్తే వంగి వంగి మాట్లాడేవాడు. “అమ్మగారూ, నేను గంటసేపు చెబితే పడని సంతకం మీరు రెండు మాటలు మాట్లాడితే పడిపోతోంది,” అన్నాడు. కొనేవాళ్ళు వాస్తు, నీళ్ళు అడగడం మానేసి, ఆ పెద్దావిడ ఏ ఇంట్లో ఉంటారు అని అడుగుతున్నారట.

అలా అడిగినవాళ్ళలో ఒక లెక్చరరుగారు ఉంది. రిటైరైంది, ఒంటరి మనిషి, వదిన ఈడుదే. ఒక ఆదివారం వచ్చి చూసింది, తరవాతి ఆదివారం వదినతో మాట్లాడడానికే వచ్చింది, ఆ తరవాత మళ్ళీ వచ్చింది. ఇద్దరూ నా బెంచీమీద కూర్చుని నన్ను చివరికి నెట్టేశారు. ఆవిడ పాఠం చెప్పిన పిల్లల కబుర్లు ఆవిడ చెబితే, ఈవిడ కొలతలు తీసిన మనుషుల కబుర్లు ఈవిడ చెప్పింది. లెక్చరరుగారు వదిన చెయ్యి పట్టుకుని, “మీ పక్క ఇల్లే తీసుకుంటున్నానండీ. మీకోసమే,” అంది.

ఆ రాత్రి వదిన రెండు ముద్దలు ఎక్కువ తింది. “ఈవిడ వచ్చేస్తే నాకు సోమవారం కూడా ఉంటుందమ్మాయ్,” అంది నాతో. ఆ మాట విని నాకు కడుపు నిండింది. నిజం చెప్పొద్దూ, ఈ కాలనీలో నేను సంతోషపడిన మొదటి రోజు అదే.

ఆ నెలలోనే ఆఖరి ఇల్లు అమ్ముడుపోయింది. ప్రెసిడెంటుగారు గ్రూపులో పెద్ద సందేశం పెట్టాడు. మన సమష్టి కృషి ఫలించింది, ఇక ఆదివారాలు కార్యక్రమం ఉండదు, ఎవరిళ్ళలో వారు ప్రశాంతంగా ఉండవచ్చు, అని. కింద ఇంకో ముక్క: కొందరు పెద్దలు రోడ్డుమీద బిగ్గరగా మాట్లాడుతున్నట్టు ఫిర్యాదులొచ్చాయి, ఇకపై అలాంటివి సహించబోము. కొందరు పెద్దలంటే మా వదిన. మొన్నటిదాకా ఆ గొంతు మీదే ఇళ్ళు అమ్ముకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయి గ్రూపులో నాలుగు వాక్యాలు రాశాను. ప్రెసిడెంటుగారు వాటిని తీసేసి, నాకు ప్రశాంతంగా ఉండమని విడిగా సలహా ఇచ్చాడు.

తరవాతి ఆదివారం వదిన అలవాటుగా తయారై ఎదురింటి దాకా వెళ్ళింది. కిటికీలో గులాబీల ఆవిడ కనిపించింది. చెయ్యి సగం ఎత్తింది. రోడ్డు అటు చివరా ఇటు చివరా చూసింది. బస్సు లేదు. చెయ్యి దించేసి పరదా లాగేసింది. వదిన వెనక్కొచ్చి బట్టలు మార్చుకుంది.

“ఫరవాలేదు. బుధవారం లెక్చరరుగారు దిగుతోంది,” అంది.

బుధవారం సామాన్ల లారీ వచ్చింది. మా వెడల్పు రోడ్డుమీద నేను చూసిన మొదటి లారీ. పొద్దుట్నుంచి వదిన కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరుగుతోంది. లారీ ఖాళీ అయ్యేదాకా ఆగి, ఫ్లాస్కు నిండా కాఫీ పోసి, నన్ను తోడు రమ్మంది. “సామాన్లు సర్దుకునే ఇంట్లో పొయ్యి వెలగదమ్మా, పాపం,” అంది. ఇద్దరం వెళ్ళాం.

లెక్చరరుగారే తలుపు తీసింది. చేతికి దుమ్ము, నెత్తికి గుడ్డ. వదినని చూడగానే కళ్ళజోడు సర్దుకుంది.

“మీరింకా వస్తున్నారా?” అంది. గొంతులో విసుగు లేదు, జాలి ఉంది. “నేను కొనేశానుగా అమ్మా. డబ్బు కూడా కట్టేశాను. ఇక మీరు శ్రమపడక్కర్లేదు.”

వదినకి అర్థం కాలేదు. ఫ్లాస్కు ముందుకి చాపింది. “కాఫీ తెచ్చానండీ.”

“మొన్న పరదాల కొలతలకి ఒక గురువారం వచ్చాను. ఊరంతా శ్మశానంలా ఉంది. ఇదేంటని ప్రెసిడెంటుగారిని అడిగితే ఆయన అంతా వివరంగా చెప్పారు. ఆదివారాల ఏర్పాటు, ఎవరెవరికి ఏ పాత్రో. ఏమీ దాచుకోకుండా గర్వంగానే చెప్పారులెండి.” లెక్చరరుగారు నవ్వింది. “నేను ముప్పై ఏళ్ళు పిల్లల అబద్ధాలు పట్టుకున్నదాన్ని. పక్కింటి మనిషినని చెప్పి మీరు మాత్రం నన్ను బాగా బోల్తా కొట్టించారు. ఎంత సహజంగా చేశారో.”

ఆవిడ లోపలికెళ్ళి పర్సు తెచ్చి, ఒక నోటు మడిచి వదిన చేతిలో పెట్టబోయింది. బిల్డరు ఎంతిస్తాడో ఏమో, ఇది నా తరఫున ఉంచండి అంది.

వదిన చెయ్యి వెనక్కి తీసుకుంది. “నేను బిల్డరు మనిషిని కాదండీ. నేను పక్కింట్లోనే ఉంటాను. మా తమ్ముడిల్లు. ఇదుగో, ఈ అమ్మాయి నా మరదలు.”

నేను నోరు తెరిచాను. “నిజమేనండీ, మా వదిన...”

లెక్చరరుగారు మా ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. బెంచీమీద పుస్తకం పట్టుకుని కూర్చున్నదాన్ని గుర్తుపట్టినట్టుంది.

“ఒకళ్ళు వదిన, ఒకళ్ళు మరదలా,” అంది. “బాగుంది. నాకు పనుందమ్మా.” తలుపు మెల్లగా, మర్యాదగా మూసింది.

నా జన్మలో చదివిన క్లెయిములన్నిటిలోకీ నిజమైనది ఇదొక్కటే. దీన్నే కొట్టేశారు. నేను ఆ తలుపు బాదబోతే వదిన నా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఇంటికొచ్చి కాఫీ మేమే తాగాం. వదిన ఏమీ మాట్లాడలేదు. ఆ రోజే కాదు, ఆ వారమంతా మాట్లాడలేదు. మాట్లాడని వదినని చూడడం అదే మొదటిసారి. మా ఆయన అక్క గది ముందు నిలబడి, లోపలికి వెళ్ళే ధైర్యం లేక, పళ్ళ డాక్టరు మీద అరవడానికి పెరట్లోకి పోయాడు. మా కాలనీకి ఇంతకన్నా ఏం కావాలి? ఉన్న ఒక్క గొంతూ ఆగిపోయింది. ఇప్పుడు రంగుల పుస్తకంలో రాసింది పూర్తిగా నిజమైంది.

ఆదివారం పొద్దున్న నేను లేచేసరికి వదిన తయారై హాల్లో కూర్చుని ఉంది. చేతిలో పేపరు.

“అమ్మాయ్, కారు తియ్యి. నగరానికి అటువైపు ఇంకో కాలనీ కట్టారట. ఇవాళ చూపిస్తారట.”

“మనకెందుకు వదినా?”

“చూద్దాం పద.”

ఎదురు చెప్పే మొహం నాకు లేదు. తీసుకెళ్ళాను. పెద్ద కమాను, ఖాళీగా మెరిసే రోడ్లు. దిగగానే నాకు వాసన తగిలింది. చెరువు గట్టున ఒక కుటుంబం చేపలకి మేత వేస్తూ ఆగకుండా నవ్వుతోంది. ఇద్దరు ముసలాయనలు ఒకరి భుజంమీద ఒకరు చేయి వేసుకుని నడుస్తున్నారు, నడక కలవడం లేదు. నాకు కంపరం పుట్టి కారు దగ్గరే ఉండిపోయాను. వదిన గట్టు దగ్గరికి వెళ్ళింది. చేపలకి మేత వేసే పెద్దావిడ ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుంది. ఇద్దరూ కూర్చున్నారు. చాలాసేపు కూర్చున్నారు. ముందు ఆవిడ మాట్లాడింది, వదిన తలూపింది. తరవాత వదిన అందుకుంది. చేతులు తిప్పుతూ, కొలత చూపిస్తూ, ఎవరి గౌను కథో చెబుతోంది. ఆ పెద్దావిడ ఈసారి వేషం మరిచిపోయి, నోరు తెరుచుకుని వింటోంది.

అమ్మకాల మనిషి వదిన వెనకాలే కారు దాకా వచ్చాడు. “నచ్చిందా అమ్మా?”

“చాలా నచ్చింది బాబూ. అయినా ఇల్లంటే మాటలా, ఆలోచించుకోవాలి. వచ్చే ఆదివారం మళ్ళీ వస్తాను.”

“తప్పకుండా రండి,” అని తలుపు తీసి పట్టుకున్నాడు.

కారు కమాను దాటేదాకా ఆగి నేను అన్నాను. “వదినా, వీళ్ళూ మనలాంటివాళ్ళే. ఇదీ నాటకమే.”

“తెలుసమ్మా. అందుకే కొనకూడదు. కొంటే పలకరించడం మానేస్తారు.”

 ఏదో ఒకటి అనాలి గనక, ఇంకా ఎన్ని ఇళ్ళు మిగిలాయట అని అడిగాను.

“బోలెడున్నాయట. ఇప్పట్లో పోయేలా లేవు,” అంది వదిన నిశ్చింతగా, సీటు వెనక్కి వాల్చుకుంటూ. “నువ్వు మాత్రం ఎవరికీ చెప్పకు.”